తాత కొండచిలువ

లియెన్‌జూ నాయనమ్మ కసిరితే తుఫాను కూడా తైనాన్ పొలిమేరలోనే తోక ముడుస్తుందని మనవరాలు పిన్‌రూ వీధంతా చాటేది. అలాంటి నాయనమ్మ మాట తాత పెంచిన కొండచిలువ ఒక్కటే వినడం లేదు. ఆయన పోయినప్పటి నుంచి అది మేత ముట్టక చిక్కిపోతోంది. ఆమె చచ్చిన ఎలుకను వేడినీళ్లలో వెచ్చబెట్టి, ఆయన పాత చొక్కా తొడుక్కుని, పట్టకారుతో దాని మూతి ముందు ఆడిస్తుంది. పాము మాత్రం ఆమె భుజం మీదుగా తాత ఖాళీ కుర్చీనే చూస్తుంది. ఒక్కోసారి ఆ కుర్చీ కిర్రుమంటుంది.

ఈ రోజు ఆమె తాత పటం ముందు మోకరిల్లి, "దీన్ని నాకు వదిలేస్తావా?" అని అడిగి, అవునో కాదో చెప్పే చెక్కబిళ్లలు నేల మీద వేసింది. ఎన్నిసార్లు వేసినా కాదనే పడ్డాయి.

"తాతకి తోడు కావాలేమో, పంపేయ్ నాయనమ్మా," అంది పిన్‌రూ మెల్లగా.

"ఆ పట్టకారు ఇటివ్వు. బతికున్నప్పుడే ఆయన మాట వినలేదు, చచ్చాక వింటానా?"