మూడు గొంతుల పెట్టె

నా చిన్నప్పుడు ఒక డిసెంబర్‌లో ఐస్ స్కేటింగ్‌కి వెళ్ళి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాను. అప్పుడు మేము అమెరికాలో, షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. మా తెలుగు చర్చిలో క్రిస్మస్‌కి పిల్లలు పాడబోయే పాటకు కీబోర్డ్ వాయించాల్సింది నేనే. ఆస్పత్రి నుంచి వస్తూ దారంతా ఎక్స్‌రే ఎలా తీస్తారని అడుగుతూనే ఉంటే, "చెయ్యి విరిగింది గానీ నోటికేమీ కాలేదు" అంది అమ్మ. పాట సంగతి గుర్తొచ్చాకే నాకు ఏడుపు మొదలైంది. రెండు మూడు స్వరాలు కలిపి నొక్కే కార్డ్స్ అన్నీ ఎడమ చేతివే మరి. పాస్టరమ్మ ఫోన్ చేసి, "పర్లేదమ్మా, సీడీలో ట్రాక్ పెట్టేద్దాం" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. నా చోట ఒక ప్లాస్టిక్ బిళ్ళని కూర్చోబెట్టినట్టు నేను ఉడుక్కున్నాను.

మా చర్చిలోనే ఒక అంకుల్ ఉండేవారు. వాళ్ళ బేస్‌మెంట్ నిండా గరాజ్ సేల్స్‌లో కొన్న పాత సామానే. ఆంటీ ఆ గదిని "మా ఆయన మ్యూజియం" అనేది. ఆ శనివారం మధ్యాహ్నం అమ్మా, ఆంటీ పైన వంటింట్లో క్రిస్మస్ పిండివంటకని గులాబీ పువ్వులు నూనెలో వేస్తుంటే నేను కిందికి దిగాను. టేబుల్ మీద లావుపాటి గోధుమరంగు టైపింగ్ కీబోర్డ్ ఒకటి పాత టీవీకి తగిలించి ఉంది. కంప్యూటరంతా అందులోనే ఉందట. నేను పుట్టకముందు ఇళ్ళల్లో వాడిందట. అంకుల్ గేమ్ ఉన్న ఒక ఫ్లాపీ డిస్క్ పెట్టారు. గేమ్ వస్తుందనుకుంటే ముందుగా రంగులు మారే పెద్ద అక్షరాలు, కింద కుడి నుంచి ఎడమకు పరుగెత్తే పేర్లు, వాటితో పాటు ఒక పాట. నేను టక్కున స్పేస్ బార్ కొట్టేశాను.

"అయ్యో, అసలుది స్కిప్ చేసేశావేంటమ్మా!" అంటూ ఆయన మళ్ళీ లోడ్ చేశారు.

ఇదంతా ఎవరు చేశారని అడిగాను. కాపీ చేయకుండా కంపెనీ వేసిన లాక్‌ని కొందరు కుర్రాళ్ళు విడగొట్టి, గేమ్ ముందు తమ గుంపు పేరూ, తమ పాటా పెట్టుకునేవారట. కింద పరుగెత్తేవి వాళ్ళు హలో చెబుతున్న స్నేహితుల పేర్లట. అది దొంగతనం కదా అని నిలదీశాను. సండే స్కూల్ పిల్లని మరి.

"తప్పే. గేమ్ వాళ్ళది కాదు. పాట మాత్రం వాళ్ళదే. ఎంతమంది ప్లే చేస్తున్నారో చెప్పు చూద్దాం" అన్నారు.

కళ్ళు మూసుకుని విన్నాను. డ్రమ్స్, బేస్ గిటార్, వయొలిన్ లాంటిదేదో, వెనక నిండుగా కార్డ్స్. పెద్ద బ్యాండే ఉందన్నాను. ఆయన నవ్వి, ఈ పెట్టెకి ఉన్నవి మూడే గొంతులు, ఒక్కో గొంతు ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుందని చెప్పారు. నేను నమ్మలేదు. అయితే నువ్వే చేసి చూడమని కుర్చీ నాకిచ్చారు.

ఆయన చెబుతుంటే ఒంటి చేత్తో కొన్ని లైన్లు టైప్ చేశాను. ఒకే గొంతుతో మూడు స్వరాలు, ఒకదాని తర్వాత ఒకటి. మెట్లెక్కుతున్నట్టు విడివిడిగా వినిపించాయి. మధ్యలో గ్యాప్‌కి ఒక నంబర్ ఉంది, దాన్ని తగ్గించమన్నారు. తగ్గించాను. ఇంకా తగ్గించాను. ఒకచోటికి వచ్చేసరికి మెట్లు మాయమై, మూడూ కలిసి సన్నగా వణుకుతూ ఒక్క కార్డ్‌లా మోగాయి. నంబర్ పెంచితే విడిపోయేవి, తగ్గిస్తే కలిసిపోయేవి. పైనుంచి ఆంటీ గులాబీ పువ్వులు తినడానికి పిలిచినా నేను కదల్లేదు.

"మూడే గొంతులున్నాయని ఆ కుర్రాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదమ్మా, స్వరాల్ని పరిగెత్తించారు. మిగతాది మన చెవే కలిపేసుకుంటుంది" అన్నారు అంకుల్, నా కట్టువైపు చూడకుండా. చర్చి పాట మాటే ఆయన ఎత్తలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు కారులో నేను నోరు విప్పకపోయేసరికి అమ్మ భయపడి నుదురు తాకి చూసింది. ఇంటికి రాగానే కీబోర్డ్ ముందు కూర్చున్నాను. రాగం ఎలాగూ పిల్లలు పాడతారు, నేనివ్వాల్సింది కార్డ్స్ మాత్రమే. కింది స్వరం, పై స్వరాలు ఒకేసారి ఒక్క చేతికి అందవు. అందుకని కుడి చేత్తో కింది స్వరం నొక్కి, గబుక్కున పైకెళ్ళి మిగతావి ఒకదాని వెంట ఒకటి. మొదట్లో వంటింట్లో గిన్నెలు దొర్లినట్టే ఉండేది. నాన్న పాపం రెండు రోజులు ఓర్చుకుని, మూడోరోజు హెడ్‌ఫోన్స్ కొనుక్కొచ్చారు. పాస్టరమ్మ ఒకసారి విని, ఎందుకైనా మంచిదని సీడీని పక్కన పెట్టుకునే సరేనన్నారు.

క్రిస్మస్ ప్రోగ్రాంలో రెండో చరణం దగ్గర తడబడ్డాను. పిల్లలు ఆగలేదు, నేనూ ఆగలేదు. సీడీ దాని డబ్బాలోనే ఉండిపోయింది. భోజనాల దగ్గర, వెనక వరుసలో కూర్చున్న ఒక బామ్మగారు అమ్మ దగ్గరికొచ్చి, "పాప పక్కన వాయించిన ఆ రెండో పిల్ల ఎవరమ్మాయి? నాకు కనపడలేదు" అని అడిగారు. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు. బిర్యానీ లైన్లో నిలబడ్డ అంకుల్ దూరం నుంచే నాకు మూడు వేళ్ళు చూపించారు.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. ఏదైనా తక్కువైందని తెలియగానే నాకు ఇప్పటికీ ముందు ఏడుపే వస్తుంది, అందులో నేనేం మారలేదు. ఏడుస్తూనే, గ్యాప్ ఎక్కడ తగ్గించవచ్చో వెతకడం మొదలుపెడతాను. ఎడమ చెయ్యి ఎప్పుడో అతుక్కుంది, అన్ని పాటలకూ బాగానే పనిచేస్తోంది. క్రిస్మస్‌కి ఆ ఒక్క పాట వచ్చినప్పుడు మాత్రం ఆ చేతిని ఒళ్ళోనే పెట్టుకుని, కుడి చేత్తోనే వాయిస్తాను.