ఆ ఆదివారం కరెంటు ఎప్పుడొచ్చిందంటే

మొన్న మంగళవారం పొద్దున పది గంటలకు ఐదు నిమిషాలు తక్కువలో మా పక్కింటి కాక పోయారు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ లేవలేదు. గని ల్యాంపు రూములో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన మనిషి. ఆ కబురు కాలనీలో గడప గడపకూ పోయింది. చాలా గడపల్లో మొదట వినిపించిన మాట ఒక్కటే.

"అయ్యో, డిటెక్టివ్ కాక పోయిండా!"

అని, ఆ వెంటనే ఒక చిన్న నవ్వు. శవం ఇంకా లేవలేదు. పూలదండ మెడలో పడలేదు. అప్పుడే నవ్వు. ఈ కాగితాలు ఆ నవ్వు మీద కోపంతో రాస్తున్నాను. చదివేవాళ్లలో నవ్వినవాళ్లు కూడా ఉంటారు. ఉండనివ్వండి.

ఆయన పని ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ల్యాంపు రూములో ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. ఆ బిళ్ళ బోర్డు మీద మేకుకు వేలాడుతుంది. పైకి వచ్చి దీపం ఇచ్చేస్తే బిళ్ళ వాపసు. బోర్డు మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. "ఒక్క బిళ్ళ మిగిలినా షిఫ్టు అయిపోయినట్టు కాదు" అనేవారు కాక. ఒకసారి ఎవరో మనిషి దీపం చేత్తో పట్టుకునే తిన్నగా ఇంటికి వెళ్లి పడుకుంటే, కాక సైకిల్ మీద అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, లేపి, బిళ్ళ చేతిలో పెట్టి, దీపం తీసుకుని వచ్చారు. కోప్పడలేదు. "నువ్వు కిందనే ఉన్నవని నీ పెండ్లాం కన్నా ఎక్కువ నేను బుగులుపడ్డ" అన్నారట.

ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. కనిపించిన ప్రతి వస్తువుకూ అడుగున తెల్ల రంగుతో నంబరు వేసేవారు. ఈ మరాఠీ ఊళ్లో మా కాలనీ తెలుగు సంఘం జంపఖానాలకు, పెళ్లి గిన్నెలకు, కుర్చీలకు అన్నిటికీ ఆయన చేతి నంబర్లే. నాకు ఆ పద్ధతి నచ్చేది. నేనూ అలాంటి మనిషినే. వంటింట్లో తగిలించిన క్యాలెండరు మీద గ్యాస్ బండ ఎప్పుడు మార్చాను, పాలు ఏ రోజు విరిగాయి, కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, అన్నీ రాసుకుంటాను. ఊరి పక్కనే అంత పెద్ద కార్ఖానాలో కరెంటు పుట్టి ఎక్కడెక్కడికో పోతుంది, మా గల్లీకి మాత్రం రోజూ రెండు మూడు గంటలు ఉండదు. నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలో తెలియాలంటే రాసుకోక తప్పదు. కాక ఒకసారి ఆ క్యాలెండరు చూసి, కళ్లద్దాలు సవరించుకుని, "బిడ్డా, నువ్వు ల్యాంపు రూముల ఉండాల్సిన మనిషివి" అన్నారు. నా వంటింటికి అంతకు మించిన మెప్పు రాలేదు.

ఇక ఆ సినిమా సంగతి. ఇంటింటికీ కేబుల్ రాని రోజులు. సంఘం తరఫున అందరం తలా కొంత వేసుకుని ఒక వీసీఆర్ కొన్నాం. నెలకో ఆదివారం మధ్యాహ్నం హాలులో తెలుగు సినిమా. తుకుం బస్తీలో క్యాసెట్ల దుకాణం నుంచి కార్యదర్శి కిరాయికి తెచ్చేవాడు. ఆయన గని ఆఫీసులో బడేబాబు. అంటే పెద్ద గుమాస్తా. ఎవరి బదిలీ కాగితమైనా ఆయన బల్ల మీదుగానే పోవాలి.

ఆ ఆదివారం తెచ్చింది ఒక తిక్క డిటెక్టివ్ సినిమా. మండుటెండలో ఉన్ని కోటు వేసుకుని తిరుగుతాడు. భూతద్దంలో తన బొటనవేలే చూసుకుని పాము అని కేకలు వేస్తాడు. పొలంలో దిష్టిబొమ్మను నిలదీసి, జవాబు చెప్పలేదని చేతులకు బేడీలు వేస్తాడు. జమీందారిణి వడ్డాణం ఎవరు దొంగిలించారన్నది కథ. పిల్లలు జంపఖానా మీద దొర్లి దొర్లి నవ్వారు. నేనూ నవ్వాను. సరిగ్గా ఆ డిటెక్టివ్ ఇంట్లోవాళ్లందరినీ వరసగా నిలబెట్టి "దొంగ ఎవరో చెప్తున్నాను" అని వేలు ఎత్తినప్పుడు కరెంటు పోయింది. కాసేపు ఉక్కలో కూర్చున్నాం. రాలేదు. లేచి ఇళ్లకు వెళ్లిపోయాం. ఆ సినిమా చివర మాలో ఎవ్వరమూ చూడలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

మర్నాడు పొద్దున హాలు బీరువాలో వీసీఆర్ లేదు. తాళం పగల్లేదు. తాళంచెవి ఉన్నది పోశవ్వ దగ్గర. హాలు ఊడ్చే మనిషి. జివతి కొండల వైపు ఊరు. ముందురోజు సాయంత్రం ఆరు గంటలకు కార్యదర్శి తాళంచెవుల గుత్తి తన చేతికి ఇచ్చాడని, తాను బీరువా తెరవనే లేదని ఏడ్చింది. ఆరు గంటలకు ఇచ్చానని కార్యదర్శీ ఒప్పుకున్నాడు. ఇంకేం, దొంగ దొరికినట్టే అన్నారు అందరూ. ఆమెను ఠాణాలో పొద్దంతా కూర్చోబెట్టారు. ఆమె ఇంట్లో కరెంటే లేదు. వీసీఆర్ తీసుకుపోయి ఏం చేసుకుంటుందని ఒక్కరూ అడగలేదు. అడిగింది ఒక్క కాక.

అడిగిన మనిషి ఊరుకుంటే బాగుండేదేమో. చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, టేపు పట్టుకుని హాలు కిటికీలు కొలిచారు. కొలుస్తూ వెనక్కి అడుగు వేసి మురికి మోరీలో పడ్డారు. ఆ పూట నుంచే పేరు పడింది. ఎవరింటికి వెళ్లినా, "అరె, జరుగుండ్రి, డిటెక్టివ్ సాబ్ వచ్చిండు! మా మేకను అడుగు కాకా, దానికి అన్నీ ఎరుకే!" అని ఒకటే ఆట. ఆయన నొచ్చుకోకుండా మేక వైపు చూసి, "దీని సాక్షి బయాన్ తర్వాత తీసుకుంట" అనేవారు. కార్యదర్శి బావమరిది పక్క ఊరు విసాపూర్లో ఉంటాడు. వాళ్లింట్లో కొత్తగా వీసీఆర్ వచ్చిందని ఎవరో అంటే, కాక సైకిల్ వేసుకుని అక్కడికీ వెళ్లారు. యాంటెనా సరిచేస్తానని పెంకులెక్కారు. లోపలికి తొంగి చూడబోయి జారి కోళ్ల గంప మీద పడ్డారు. మన వీసీఆర్ అయితే అడుగున తెల్ల రంగుతో పదకొండు అని ఉండాలి. అడుగు చూసేలోపే ఆ ఇంటి ముసలమ్మ చీపురు తీసుకుంది. మోకాలు చీరుకుపోయి వచ్చారు. నేనే పసుపు రాశాను. రాస్తూ నవ్వు ఆపుకోలేకపోయాను. "నవ్వు బిడ్డా, ఏం గాదు. కోళ్లు కూడా నవ్వినయ్" అన్నారు.

అయితే ఆ పడిపోవడాల మధ్య ఆయన ఒక సంగతి పట్టుకున్నారు. ఒకరోజు నా వంటింటి గుమ్మంలో నిలబడి మెల్లగా చెప్పారు.

"బిడ్డా, కరెంటు లేకపోతే వీసీఆర్ నోరు తెరుస్తదా?"

"తెరవదు కాకా."

"మరి క్యాసెట్ లోపలనే ఉన్నది కదా, కరెంటు పోయినప్పుడు. తెల్లారి పొద్దుగాల్ల తుకుం దుకాణంల క్యాసెట్ వాపస్ వచ్చింది. దుకాణపాయన్ని అడిగిన. మీ సంఘం సారే స్వయంగా తెచ్చిండన్నడు." ఆగి, గుమ్మం మీద గోటితో గీత గీశారు. "ఆరింటికి తాళంచెవి పోశవ్వకు ఇచ్చిండు. ఆరులోపు కరెంటు రాకుంటే క్యాసెట్ బయటికి ఎట్ల వచ్చింది? మిషిన్ ఆయన ఎంబడి పోతేనే వస్తది. మిషిన్ దాచినోడు దాచిండు గని, కిరాయి క్యాసెట్ టైముకు ఇయ్యాలనే ఆదత్ పోలే."

నా నవ్వులాట అక్కడ ఆగింది. క్యాలెండరు నా వీపు వెనకే ఉంది.

మూడు వారాలకు సంఘం మీటింగు పెట్టారు. పోశవ్వను గోడ పక్కన నిలబెట్టారు. కాక లేచి, నాకు చెప్పినట్టే వరసగా అంతా చెప్పారు. కార్యదర్శి చిరునవ్వుతో విన్నాడు. "మీరందరు పోయిన పది నిమిషాలకే కరెంటు వచ్చింది. క్యాసెట్ తీసిన. మిషిన్ బీరువాల పెట్టిన. తాళమేసి ఆరింటికి చెవి ఇచ్చిన. ఇంకేమన్న ఉన్నదా డిటెక్టివ్ గారూ?"

హాలంతా గొల్లుమంది.

"కరెంటు రాలే" అన్నారు కాక.

"రోజు పోతది, రోజు వస్తది. మూడు వారాల కిందిది ఎవలకు యాదుంటది కాకా?" అని వెనక నుంచి ఒకరు.

పోశవ్వ గోడ పక్క నుంచి, "రాలే సారూ. చీకట్లనే ఊడ్చిన" అంది.

"నీకు గడియారం చూడ వస్తదా?" అన్నాడు ఇంకొకడు. మళ్లీ నవ్వు. గడియారం చూడటం వచ్చిన మనిషి ఆ హాలులోనే, ఆడవాళ్ల వరసలో మూడో చోట కూర్చుని ఉంది.

కాక నావైపు తిరిగారు. "బిడ్డా, నువ్వు క్యాలెండర్ మీద రాస్తవ్ కదా. ఆ ఐతారం కరెంటు ఎప్పుడు వచ్చిందో జర చెప్పు."

మా ఆయన మగవాళ్ల వరసలో నుంచి నన్ను చూశారు. ఆయనను గని లోపలి పని నుంచి పైన ఆఫీసు పనికి మార్చే కాగితం ఆ వారమే బడేబాబు బల్ల మీద ఉంది.

"యాద్ లేదు కాకా. ఆ దినం రాయలే" అన్నాను.

కాక నా ముఖంలోకి ఒక్క క్షణం చూశారు. ఆయనకు తెలుసు. రాయని రోజు నాకు ఉండదని ఆ హాలులో తెలిసిన మనిషి ఆయన ఒక్కరే. "మంచిది బిడ్డా, కూసో" అన్నారు. అంతే. ఆయన కూర్చుంటుంటే వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

పోశవ్వ పని పోయింది. ఎనిమిది రోజుల్లో మూట కట్టుకుని జివతి వైపు వెళ్లిపోయింది. మా ఆయనకు ఆఫీసు పని వచ్చింది. కార్యదర్శి ఇప్పటికీ కార్యదర్శే.

నేను చాలా రోజులు కాక ముఖం చూడలేదు. ఆయనే పలకరించారు, గోడ మీదుగా కరివేపాకు అడిగి. ఆ ప్రస్తావన తేలేదు. ఒక ఏడాది గడిచాక నేనే ఏదో ఒకటి మాట్లాడాలని, "కాకా, ఆ సినిమాల చివరికి దొంగ ఎవరు?" అని అడిగాను. దుకాణపాయన ఆ క్యాసెట్టు చివర ఆయనకు వేసి చూపించాడని విన్నాను. కాలనీలో ఆ చివర చూసింది ఆయన ఒక్కరే.

ఆయన కరివేపాకు రెబ్బలు దూస్తూ నవ్వారు. "నీ తాన ఉన్నది నువ్వు చెప్పు. నా తాన ఉన్నది నేను చెప్త."

కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు కోపం. ఒక్కసారి తిట్టి ఉంటే నేను ఏనాడో చెప్పేసేదాన్ని అనిపిస్తుంది. కాదు, అది కూడా తప్పించుకునే మాటే. ఆయన ప్రతి పండక్కీ పలకరించి, ఆ మాట ఎత్తకుండా, నాకు గడువు ఇచ్చారు. నేను ఆరేళ్లు తీసుకున్నాను. ఇక గడువు ఇవ్వడానికి ఆయన లేరు.

శుక్రవారం సంతాప సభ అదే హాలులో. మాట్లాడింది అదే కార్యదర్శి. "మనందరినీ ఎంతో నవ్వించిన మనిషి. కోళ్ల గంప సంగతి మరిచిపోతమా?" అన్నాడు. జనం కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. అయ్యా, ఆయన మిమ్మల్ని నవ్వించలేదు. మీరు నవ్వారు. ఆయన పని చేస్తున్నారు. బోర్డు మీద ఒక మనిషి బిళ్ళ మిగిలిపోయిందని, ఆ మనిషిని పైకి తేవాలని మోరీల్లో పడ్డారు, పెంకుల మీద నుంచి పడ్డారు. పడిన ప్రతిసారీ నిజానికి ఒక అడుగు దగ్గరికి వెళ్లారు. మన తాళాలు, మన కాగితాలు, మన మర్యాదలు పట్టుకుని కింద పడకుండా నిలబడ్డవాళ్లం మనం. సినిమా చివర చూడకుండానే డిటెక్టివ్ వెర్రివాడని తీర్పు చెప్పినవాళ్లం.

సభలో నేను నిజం చెప్పలేదు. రెండోసారి కూడా. ఇంటికి వచ్చి అటక మీది ట్రంకు పెట్టె దించాను. పాత క్యాలెండర్లు ఏవీ పారేయను. ఆ నెల కాగితం దొరికింది. ఆ ఆదివారం గడిలో నా చేతి రాత ఇలా ఉంది. కరెంటు పోయింది 5-10. వచ్చింది 7-40. దాని కింద, సినిమా సగంలో ఆగింది.

ఆరు గంటలకు మా హాలులో కరెంటు లేదు. పోశవ్వ చెప్పింది నిజం. కాక చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం.

ఇది సంఘం సంచికకు ఇస్తున్నానని మా ఆయనకు చూపించాను. చివరిదాకా చదివి, "అచ్చుకిస్తవా?" అన్నారు. ఇస్తున్నాను అన్నాను. కాగితాలు మడిచి నా చేతికిచ్చి, "పోశవ్వ ఊరు జివతిల ఏ పక్కనో నాకు ఎరుకే" అన్నారు. వచ్చే ఆదివారం ఇద్దరం వెళుతున్నాం.

నిన్న మధ్యాహ్నం ఆ కాగితం తీసుకుని కాక ఇంటికి వెళ్లాను. ఆయన కూతురు సామాన్లు సర్దుతోంది. గిన్నెల అడుగున, స్టూలు కింద, చివరికి చీపురు కట్టకూ తెల్ల నంబర్లు. తలుపు చట్రానికి ఒక మేకు, దానికి రేకు కత్తిరించి చేసిన గుండ్రటి బిళ్ళ. దాని మీద నంబరు లేదు. వంకర అక్షరాలతో పోశవ్వ అని ఉంది.

"ఇది ఏందో బాపు తియ్యనియ్యలేదు అక్కా, ఆరేండ్ల సంది" అంది ఆ పిల్ల. "తియ్యాల్నా?"

"ఉండనీ. ఆమె వచ్చినంక ఆమెనే తీసుకుంటది" అన్నాను.

క్యాలెండరు కాగితం అదే మేకుకు, బిళ్ళ కింద గుచ్చాను. ఫ్యాను గాలికి రెండూ కలిసి కదిలాయి. అంతలో కరెంటు పోయింది. అలవాటు కొద్దీ గోడ గడియారం చూశాను. మూడు గంటల ఇరవై నిమిషాలు. ఫ్యాను రెక్కలు నెమ్మదిగా ఆగాయి, కాగితం ఆగింది. బిళ్ళ మాత్రం తలుపు చెక్కకు తగులుతూ, ఇంకా కాసేపు చప్పుడు చేస్తూనే ఉంది.