కిటికీ ఉన్న జైలు

చదివి చదివి బుర్ర వేడెక్కి, ఈ సాయంత్రం లాప్‌టాప్‌లో నా చిన్నప్పటి కంప్యూటర్ గేమ్ ఒకటి పెట్టాను. అశోక్‌నగర్ హాస్టల్లో, ప్లైవుడ్ గోడల మధ్య, ట్యూబ్‌లైట్ కింద. ఆట ఒక కోటలోని జైలు గదిలో మొదలవుతుంది. అప్పటి బొమ్మలు మోటువే, కానీ ఎంత శ్రద్ధగా వేశారో! తడి రాళ్ల మీద నాచు, ఎక్కడో నీటి చుక్కల చప్పుడు, ఊచల కిటికీలోంచి ఏటవాలుగా పడే ఎండ, ఆ ఎండలో తేలే దుమ్ము.

పాలమూరు నుంచి గ్రూప్స్ పరీక్షల కోచింగ్ కోసం వచ్చిన నా రూమ్మేట్ శ్రీశైలం పుస్తకం మూసి తొంగి చూశాడు.

"మస్తుగుందన్నా రూము. ఎవరిది?"

"రూమ్ కాదురా, జైలు. హీరోని బంధించారు."

"జైలా? గట్లెట్లన్నా, కిటికీ ఉంది గద!"

నవ్వబోయి ఆగిపోయాను. మా గదికి కిటికీ లేదు. వాన పడుతోందని చిక్కడపల్లి లైబ్రరీ నుంచి తడిసి వచ్చినవాళ్లను చూసి తెలుసుకుంటాం.

ఆటలో తాళంచెవి దొరికింది, తలుపు తెరుచుకుంది.

"జర ఆగన్నా, అప్పుడే పోకు," అన్నాడు శ్రీశైలం.

హీరోని వెనక్కి తెచ్చి ఆ ఎండలో నిలబెట్టాను. ఇద్దరం చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాం.

మీ గదిలో ఎండ ఏ గోడ మీద పడుతుందో కాస్త చెప్పండి. శ్రీశైలం అడుగుతున్నాడు.