నవ్వే ముఖానికి ఒక గడి

మాది మర్రిగూడ పక్క పల్లె. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మా ఊరివాళ్ల పళ్లకు గార పట్టించింది, కొందరి ఎముకలు వంచింది. అందుకే మా దగ్గర ఫొటో దిగేవాళ్లంతా పెదవులు బిగబట్టే నవ్వుతారు. అక్క మోత్కూర్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగింది కాబట్టి ఆమె పళ్లు తెల్లగా ఉంటాయి. అయినా ఊరి అలవాటు ఆమెకూ అంటుకుంది.

నల్గొండలో ఒక పెళ్లిసంబంధాల వెబ్‌సైట్‌కు పనిచేసేదాన్ని. కుప్పలుగా వచ్చే ఫొటోల్లోంచి కావలసినవి ఏరుకునే ఫిల్టర్లు తయారుచేయడం నా పని. ఎత్తు, చదువు, ఉద్యోగం అయ్యాక యజమానురాలు, "ఫ్లోరైడ్ ఊర్లు వద్దనే డబ్బా ఒకటి పెట్టు" అంది. ఒళ్లు మండింది. పెట్టనన్నాను. ఆమె గడుసుది. "సరే తియ్. 'నవ్వే ముఖం' అని పెట్టు. పండ్లు కనవడే ఫొటోలే రావాలె. అండ్ల తప్పేమున్నది?"

మర్యాదైన పేరు పెడితే ఎంత పాడుపనైనా ఫిల్టరే. పెట్టాను. మా సైట్‌లో అక్క ఫొటో కూడా ఉంది. పళ్లు కనబడేలా ఇంకోటి దిగమని ఆమెను పోరాను. ఫొటో తీయడానికి ఫోను ఎత్తగానే ఆమె పెదవులు వాటంతటవే మూతపడేవి.

అప్పటికే అక్కకు చిట్యాల టీచరు నచ్చాడు. ఫోన్లో మాట్లాడుకున్నారు కూడా. ఇక అతని తల్లి ఒప్పుకోవడమే మిగిలింది. ఆమె ఆఫీసుకు వచ్చిన రోజు అక్క నా పక్కనే కూర్చుని ఉంది. యజమానురాలు గొప్పగా 'నవ్వే ముఖం' గడి నొక్కి చూపించింది. తెర మీద అక్క ఫొటో మాయమైంది.

నేను ఆగలేకపోయాను. "అమ్మా, మీ అబ్బాయితోని మాట్లాడింది ఈమెనే, మా అక్క. పండ్లు మంచిగున్నయి. ఫొటోల కనవడలే, గంతే."

"ఏదీ, జర నవ్వు బిడ్డా."

అక్క నవ్వింది. పెద్దామె అంగడిలో ఎద్దు పళ్లు చూసినట్టు వంగి చూసింది. "పండ్లు సరే. బొక్కల సంగతేంది? గొంతుక్కూసోని లెవ్వు, చూస్త."

ఎముకలు వంగలేదని చూపడానికి అక్క టేబుల్ పక్కన గొంతుక్కూర్చుంది. లేచింది. ఆ టీచరు కోసమే చేసింది. పెద్దామె గొంతు పిసకాలనిపించింది నాకు.

"ఇప్పుడు మంచిగనే ఉన్నది. రేపు పిల్లలకెట్లుంటదో ఎవలకెరుక," అంటూ ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది.

యజమానురాలు ఆమెను గుమ్మందాకా సాగనంపి వచ్చింది. "గా బొక్కల సంగతికి గూడ ఒక డబ్బా పెట్టాలె."

కుర్చీ వెనక్కి తన్ని లేచాను. అక్క నా భుజం పట్టి కూర్చోబెట్టింది.

"పెట్టు చెల్లె," అంది, పెదవులు బిగబట్టి నవ్వుతూ. "ఇంకో పిల్లకు గిట్ల కూసోని లేసుడు తప్పుతది."