సొంత జట్టు మీద వాదించిన క్లిఫర్డ్

మా క్రాగ్‌షా టౌన్ ఫుట్‌బాల్ జట్టును లీగు వాళ్ళ లాయర్లు ఓడించారని పేపర్లు రాశాయి. అబద్ధం. ఓడించినవాడు క్లిఫర్డ్ ఎంట్‌విజిల్. రిటైరైన బస్సు డ్రైవరు. ఒక్కడే, ఒకే ఒక్క ప్రశ్నతో కోర్టులో మా జట్టును పడగొట్టాడు. సరే, కోర్టంటే మరీ కోర్టు కాదు, వూల్‌ప్యాక్ పబ్బులో డామినోలు ఆడుకునే వెనక గది. జడ్జిగారు ఏప్రన్ కట్టుకుని ఉన్నారు. ప్రశ్న మాత్రం నిజం.

క్లిఫర్డ్ ముప్పై ఒక్క ఏళ్ళు పద్దెనిమిదో నంబరు బస్సు నడిపాడు. స్టాపుకి పది అడుగుల ఇవతల నిలబడి చెయ్యెత్తితే ఆపడు, కట్టుకున్న భార్యయినా సరే. ఒకసారి వానలో ఆమెను అలాగే వదిలేసి పోయాడని, ఆమె నెల్లాళ్ళపాటు చల్లారిన బంగాళాదుంపలే పెట్టిందని చెప్పుకుంటారు. నెల కాదేమో, వారం.

అతని స్నేహితుడు వాల్టర్ హిగిన్‌బాటమ్. స్టేడియంలో ఇద్దరివీ నలభై మూడేళ్ళుగా పక్కపక్క సీట్లు. గోలు పడితే వాల్టర్ కుడికి తిరుగుతాడు, క్లిఫర్డ్ ఎడమకి తిరుగుతాడు. కళ్ళు మూసుకుని కూడా కావలించుకోగలరు. పెళ్ళాలతో ఏనాడూ అంత కుదురుగా కుదిరినట్టు లేదు.

ఇక గొడవ సంగతి. మూడేళ్ళలో ఏ క్లబ్బయినా ఇంతకు మించి నష్టపోకూడదని లీగు నిబంధన. పిల్లల శిక్షణకు పెట్టిన ఖర్చు ఆ నష్టంలోకి రాదు. హద్దు దాటిపోయిన మా క్లబ్బు ఏం చేసిందంటే, అందరికంటే పెద్ద జీతం తీసుకునే ఫార్వర్డ్, అంటే గోళ్ళు కొట్టాల్సిన ముందువరస ఆటగాడు, అతని జీతంలో సగం పిల్లల శిక్షణ కింద రాసేసింది. మంగళవారాలు అతను పిల్లలకు ఆట నేర్పుతున్నాడట. లీగు ఒప్పుకోలేదు. కేసు లండన్‌లో ట్రిబ్యునల్‌కి ఎక్కింది. ఓడితే ఆరు పాయింట్లు పోతాయి. ఆరు పోతే కింది డివిజన్ అంచున నిలబడతాం.

వూల్‌ప్యాక్‌లో ఇక వేరే మాట లేదు.

"పెద్ద క్లబ్బులు చేస్తే తెలివి, మనం చేస్తే నేరమా?" అన్నాడు వాల్టర్. "వాళ్ళకున్నంతమంది లాయర్లు లేరురా మనకి, అదీ సంగతి."

"మనకున్న ఆటగాళ్ళ కంటే ఆ లాయర్లే జోరుగా పరిగెడతారులే," అన్నారెవరో.

"నువ్వు నోర్ముయ్. పోయినేడు టిక్కెట్టు కూడా కొనలేదు నువ్వు."

పబ్బు నడిపే మేవిస్ గరిటె పుచ్చుకుని వంటింట్లోంచి వచ్చింది. "నాయనలారా, మీ అరుపులకి నా యార్క్‌షైర్ పుడ్డింగులు పొంగడం మానేశాయి. వచ్చే ఆదివారం భోజనాలయ్యాక ఇక్కడే విచారణ పెడతాను. నేనే జడ్జిని. తీర్పయ్యాక ఎవడు నోరెత్తినా అందరికీ బీరు పోయించాలి."

క్లబ్బు తరఫున వాల్టర్ లేచాడు. లీగు తరఫున ఎవరూ లేవలేదు. మా ఊళ్ళో ఏ వంతు తేలకపోయినా డామినోల సంచిలో చెయ్యి పెట్టడం ఆనవాయితీ, చుక్కల్లేని బిళ్ళ వచ్చినవాడిదే ఆ పని. అది క్లిఫర్డ్‌కి వచ్చింది. అందరం నవ్వుకున్నాం. మనవాడే కదా, రెండు ముక్కలు నసిగి ఓడిపోతాడనుకున్నాం. వాల్టర్ కన్ను కూడా గీటాడు. రూటు ఇస్తే చివరి స్టాపు దాకా నడపనిదే దిగని మనిషికి రూటు ఇచ్చామని ఒక్కడికీ తట్టలేదు.

వారమంతా క్లిఫర్డ్ లైబ్రరీలో కూర్చుని నూట అరవై పేజీల నిబంధనలు చదివాడు. ఆదివారం టై కట్టుకుని వచ్చాడు.

వాల్టర్ బ్రహ్మాండంగా వాదించాడు. మూతపడిన మిల్లుల గురించి చెప్పాడు, వానలో నిలబడి ఆట చూసిన మా తాతల గురించి చెప్పాడు. ఇద్దరు ముక్కులు చీదుకున్నారు. తర్వాత క్లిఫర్డ్ లేచాడు.

"వాల్టర్, నీ మనవరాలు మన క్లబ్బు పిల్లల జట్టులోనే ఆడుతోంది కదా?"

"రెండేళ్ళ నుంచి. బంగారంలా ఆడుతుంది."

"ఆ ఫార్వర్డు నేర్పడానికి ఎన్ని మంగళవారాలు వచ్చాడు?"

వాల్టర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అబద్ధమాడటం అతనికీ చేతకాదు.

"ఒకసారొచ్చాడు," అన్నాడు చివరికి. "పిల్ల సంతకం అడిగితే చేసి, దాని పెన్ను పట్టుకుపోయాడు."

మేవిస్ గరిటెతో బల్ల మీద కొట్టింది. "తప్పే. ఆరు పాయింట్లూ పోయినట్టే. ఇక లేవండి, బల్లలు తుడవాలి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "ఓటమిని చేతిలో పెట్టినా ఓడిపోలేకపోయావు కదరా," అని వాల్టర్ కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మంగళవారం లండన్‌లో అసలు తీర్పు వచ్చింది. ఆరు పాయింట్లు కోత. కారణం? ఆటగాడు పిల్లల దగ్గరికి వచ్చింది ఒక్కసారే. ఊరు ఊరంతా క్లిఫర్డ్ మీద పడింది. ఆదివారం మూల బల్ల దగ్గర సన్నటి టై కట్టుకున్న కొత్తాయన ఏదో రాసుకోవడం నేను కళ్ళారా చూశాను. లీగు గూఢచారి అన్నాను. కిటికీ అద్దాలు అమ్ముకునేవాడు కూడా అయ్యుండొచ్చు, కానీ ఆ మాట నేననేసరికి ఆలస్యమైపోయింది.

వాల్టర్ టిక్కెట్ల కిటికీ దగ్గరికెళ్ళి సీటు మార్చమన్నాడు. ఖాళీగా ఉన్నది ఒక్కటే, ఇనప స్తంభం వెనక. కుడిపక్క గోల్‌పోస్టు కనిపించదు. "అదే ఇవ్వండి," అన్నాడు.

ఆ శనివారం క్లిఫర్డ్ పక్కన ఖాళీ సీటు. మనవాళ్ళు గోలు కొట్టారు. క్లిఫర్డ్ ఎడమకి తిరిగాడు, చేతులు గాలిలో ఉండిపోయాయి. కాసేపటికి ఆ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. రెండో సగంలో తన మంచి సీటు వదిలేసి, స్తంభం పక్కన మెట్ల మీదకి వచ్చి కూర్చున్నాడు.

"లీగు వాళ్ళతో నేను మాట్లాడను," అన్నాడు వాల్టర్.

"నువ్వు మాట్లాడకు. కుడివైపునుంచి మనవాడు తీసుకొస్తున్నాడు. ఒకణ్ణి దాటాడు. జారిపడ్డాడు."

"వాడు జారకపోతే వింత."

"మాట్లాడనన్నావు."

"నీతో కాదు, స్తంభంతో."

అలా మూడు శనివారాలు స్తంభంతో మాట్లాడాడు. నాలుగో శనివారం ఆఖరి నిమిషాల్లో స్టాండంతా ఒక్కసారిగా లేచింది. అరుపులు, కావలింతలు, నా కళ్ళద్దాలు మూడు వరుసల కిందికి ఎగిరిపోయాయి. వాల్టర్ సగం లేచి క్లిఫర్డ్ వంక చూశాడు. క్లిఫర్డ్ కూర్చునే ఉన్నాడు.

"ఆఫ్‌సైడు," అన్నాడు. "లైన్స్‌మన్ జెండా ఎత్తాడు."

వాల్టర్ వెంటనే కూర్చున్నాడు. పదివేలమంది గంతులు వేస్తుంటే వాళ్ళిద్దరే కూర్చుని ఉన్నారు. గోలు చెల్లదని కాసేపటికి మాక్కూడా తెలిసి, ఒక్కొక్కరమే సిగ్గుపడుతూ చతికిలబడ్డాం.

"ఒరే క్లిఫ్," అన్నాడు వాల్టర్, స్తంభాన్ని కాకుండా అతన్నే చూస్తూ, "ఆ పెన్ను సంగతి లండన్ వాళ్ళకి నువ్వు రాశావా?"

"లేదు."

"సరే." తన సీట్లో ఓ పక్కకి ఒదిగి, "ఇటు జరుగు. మెట్ల మీద చలి, నా పక్కన ఇరుక్కో," అన్నాడు.

అప్పీలులో ఆరు కాస్తా నాలుగైంది, ఒక్క పాయింటు తేడాతో కింది డివిజన్‌కి పోకుండా బయటపడ్డాం. వాల్టర్ పాత సీటుకి వచ్చేశాడు.

ఇదంతా రాసి మొన్న క్లిఫర్డ్‌కి చదివి వినిపించాను. చివరిదాకా విని టీ కప్పు కింద పెట్టాడు.

"ఇందులో ఒక్క ముక్క కూడా జరగలేదు," అన్నాడు. "వాల్టర్ నాతో ఏనాడూ మాట్లాడటం మానలేదు. మానితే బాగుండునని నేనే చాలాసార్లు అనుకున్నాను."