మూసి చూడు

పేటలో అందరూ అతన్ని బక్కోడనే పిలిచేవారు. ఛాంపియన్ అయ్యాక కూడా ఆ పేరు వదల్లేదు. ఒంట్లో కండ లేదు గానీ ముక్కుమీద కోపం. బాక్సింగ్‌కి పంపింది దర్జీ పని చేసే అక్కే. "వీధిలో కొట్లాడి చొక్కాలు చింపుకొస్తుంటే కుట్టలేక చస్తున్నా. అక్కడైతే బనీనుతో పోతుంది" అంది.

గ్లవ్స్ వేసే ముందు చేతులకు గుడ్డపట్టీ చుట్టాలి. కోచ్ చుట్టింది అక్కకు నచ్చలేదు. "ఇదేం చుట్టడమండీ, మూట కట్టినట్టు!" అని విప్పేసి తానే చుట్టింది. అప్పటినుంచి ఆ పని ఆవిడదే. మణికట్టు దగ్గర మొదలుపెట్టి, వేళ్ల సందుల్లోంచి తిప్పి, కణుపుల మీద మడతలు వేసి, చివర్లో ఒకటే మాట: "మూసి చూడు." అతను పిడికిలి బిగించి "బిగిసిందక్కా" అనేవాడు. ఆ మాట అనకుండా రింగ్ ఎక్కిందే లేదు.

అమెచ్యూర్‌గా ఉన్నన్నాళ్లూ దెబ్బ తగిలించి తప్పుకుంటే పాయింటు. తప్పుకోవడంలో బక్కోణ్ణి మించినవాడు లేడు. పతకాలన్నీ అక్క కొలత టేపు వేలాడే మేకుకే చేరాయి. ప్రొఫెషనల్ అయ్యాక రౌండ్లు పెరిగాయి, తప్పుకుంటూ అన్నీ నెట్టుకురావడం కుదరలేదు. పాత అలవాటు కొద్దీ కొట్టి వెనక్కి తగ్గి మొదట్లో చావుదెబ్బలు తిన్నాడు. పోనుపోను నిలబడి కొట్టడం నేర్చుకుని టైటిల్ గెలిచాడు. అలా కొట్టి కొట్టి కుడిచెయ్యి నలిగింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ప్రొఫెషనల్ పోటీల్లో ఇంకో పద్ధతి ఉంది. పట్టీలో గట్టి వస్తువేదైనా దాస్తారేమోనని ఎదుటివాడి తాలూకు మనిషొకడు వచ్చి, చుట్టడం పూర్తయ్యేదాకా చూస్తాడు. టైటిల్ నిలబెట్టుకోవాల్సిన రోజున అలాంటి ఒకాయన గోడకానుకుని నిలబడ్డాడు. ఎడమచెయ్యి అయింది. కుడిచెయ్యి చుడుతుంటే అక్క బొటనవేలికి అతని కణుపుల మీద వాపు తగిలింది. కొంచెం నొక్కింది. తమ్ముడి మెడ నరం పొంగింది. నోరెత్తితే ఏ చేతిలో బలం లేదో ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. ఎత్తకపోతే ఆ చెయ్యి ఇక చెయ్యిగా మిగలదు.

పట్టీ పూర్తిగా చుట్టి, ఎప్పటిలాగే అంది. "మూసి చూడు."

వేళ్లు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. "బిగిసిందక్కా" అన్నాడు నవ్వుతూ.

ఆవిడ కత్తెర తీసి పట్టీని నిలువునా కోసేసింది. "డాక్టర్ని పిలవండి. మావాడు ఇవాళ రింగ్ ఎక్కడు."

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"పట్టుకోడానికైనా చెయ్యి ఉండాలి కదరా!"

టైటిల్ పోయింది. అతను అక్కతో మాటలు మానేశాడు. ఆవిడ కుట్టు దుకాణం ముందునుంచి వెళ్లాల్సివస్తే ముఖం తిప్పుకుని పోయేవాడు. ఆవిడ మిషను ముందు కూర్చుని ఏడ్చేది. చేసిన పనికి మాత్రం ఏనాడూ చింతించలేదు.

చెయ్యి నయమై మళ్లీ పోటీ కుదిరాక, ఒక మధ్యాహ్నం వచ్చి పట్టీ చుట్ట మిషను మీద పెట్టాడు. "ఎవరు చుట్టినా మూటలాగే ఉంటోంది" అన్నాడు నేల చూస్తూ.

"కూర్చో" అంది అక్క.

ఆ పోటీలో పాయింట్ల మీద ఓడిపోయాడు. టైటిల్ తిరిగి రాలేదు. పోటీ అయ్యాక గదిలో అక్క కత్తెరతో పట్టీలు కోసి పక్కన పడేసింది. ఆవిడ అడక్కముందే అతను రెండు పిడికిళ్లూ మూసి చూపించాడు.