పాట కట్టింది మా పెద్దమ్మే

పోయిన వారం మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి భోజనాల బల్ల దగ్గర ఫోన్ తీసి, "మేడమ్, మీది కృష్ణా జిల్లానే కదా, ఈ పాట వినండి" అని ఒక వీడియో పెట్టింది. అందులో ఒక కుర్రాడు గిటారు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎవరో పోయినంత బాధగా మా పెద్దమ్మ పాట పాడుతున్నాడు. పాటేమో మొగుడు సైకిలుతో సహా కాలవలో పడిన సంగతి. కింద 'వందల ఏళ్లనాటి జానపదం, రచయిత తెలియదు' అని రాసి ఉంది. రచయిత నాకు తెలుసు. చిన్నప్పుడు నాకు తలంటిపోస్తూ కళ్లల్లో కుంకుడు రసం కొట్టిన మనిషే. కుంకుడు రసం సంగతి మినహాయించి మిగతాది వీడియో కింద రాశాను. ఐదు నిమిషాల్లో ఎవరో 'ఆధారం ఉందా?' అని అడిగారు. ఉంది. కాస్త పొడుగ్గా ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా పెద్దమ్మది నందివాడ దగ్గర పల్లెటూరు. ఇరవైమంది ఆడవాళ్ల ఊడ్పుల ముఠాకి ఆవిడ మేస్త్రి. మా వైపు నాట్లు అయిపోయాక ముఠా అంతా దివిసీమకి దిగేది, కాలవ చివరి ఊళ్లు గనక అక్కడికి నీళ్లు ఆలస్యంగా అందేవి. ఊడ్పులంటే బురదలో నడుం వంచి, నారు గుచ్చుకుంటూ, వెనక్కి వెనక్కి నడవడం. ముందు పెద్దమ్మ ఒక చరణం అందుకునేది, ముఠా అంతా దాన్నే తిరిగి పాడేది, ఆ లెక్కన చేతులూ కాళ్లూ ఒక్కసారే కదిలేవి. పాత పాటలు రెండు రోజుల్లో అయిపోయేవి. మూడో రోజు నుంచి ఆవిడ సొంతంగా కట్టేది. చేలోకి పారే బోదె నీళ్ల కోసం తిట్టుకున్న తోడికోడళ్లు, పెళ్లిచూపుల్లో జంతికలన్నీ తినేసి పిల్ల నచ్చలేదన్న పెళ్లికొడుకు, ఎవరూ తప్పించుకోలేదు. ఆవిడ ఎదురుగా తుమ్మాలన్నా ఊళ్లోవాళ్లు ఆలోచించుకుని తుమ్మేవారు.

అందరికంటే ఎక్కువగా దొరికిపోయింది మా పెదనాన్న. ఆయన కొత్త సైకిలు కొన్న వారానికే, వెనక నాలుగు నారుకట్టలు కట్టుకుని గట్టు మీద వెళ్తూ వెళ్తూ కాలవలో పడ్డాడు. మర్నాటికల్లా పాట తయారు.

"గట్టూ కొత్తదే, సైకిలూ కొత్తదే,
తొక్కే మారాజొకడే పాతోడమ్మా.
కునుకు తీసెనే, కాలవ కలిసెనే,
నారుకట్టలీదినాయి, నా సామి ఈదలేదమ్మా."

పెదనాన్న మాత్రం ఆ పాట తన మీద కాదనేవాడు. "అది కృత్తివెన్ను వైపు ఎవడో పడ్డాడంటలే" అని, టీ కొట్టు దగ్గర అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. ఆయనకి ఊళ్లో పరువు ఎక్కువ. బయట ఎవరు అడిగినా పేరు చెప్పనని పెద్దమ్మ దేవుడి పటం ముందు మాటిచ్చింది. పాట మానేస్తానని మాత్రం ఇవ్వలేదు.

తొంభైల చివర్లో, నేను గుడివాడలో డిగ్రీ చదువుతున్నప్పుడు, అక్కడ క్యాసెట్ల షాపాయన తన పొలంలో పెద్దమ్మ పాట విని క్యాసెట్ చేద్దామన్నాడు. షాపు మేడ మీద స్టూడియో, బయటి చప్పుడు రాకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. వాటిని చూసి పెద్దమ్మ, "ఇన్ని గుడ్లు ఎవరు తిన్నారే?" అని అడిగింది. మైకు ముందు నిలబడి పాడమంటే గొంతు రాలేదు. ఇన్నేళ్లుగా వంగి పాడిన పాట నిటారుగా నిలబడితే ఎట్లా వస్తుందని ఆవిడ వాదన. సరే వంగే పాడమని షాపాయన మైకుని ముక్కాలిపీట మీద పెట్టాడు. ఆవిడ అలవాటు ప్రకారం చరణానికో అడుగు వెనక్కి వేసింది. ఆఖరి చరణానికి పెద్దమ్మ గోడకి చేరింది, పాట గుసగుసకి చేరింది. తర్వాతి పాటలకి ఆవిడ వెనకాల బల్ల అడ్డం పెట్టారు గానీ, మొదటిపాట అలాగే ఉండిపోయింది. అదే కాలవ పాట. క్యాసెట్ అట్ట మీద ఆవిడ ఫొటో, కింద 'జానపద గీతాలు' అనీ, 'గానం' అని ఆవిడ పేరూ వేశారు. రచన ఎవరిదో వెయ్యలేదు. మేమూ చూసుకోలేదు. ఫొటోలో దుద్దులు కనపడ్డాయా లేదా అన్నదే అప్పటికి మాకు ముఖ్యమైన విషయం.

క్యాసెట్ బాగా తిరిగింది. గుడివాడ బస్టాండులో మోగింది, దివిసీమ ట్రాక్టర్లలో మోగింది. పెదపారుపూడిలో ఒక పెళ్లి బ్యాండువాళ్లు క్లారినెట్ మీద కాలవ పాట వాయిస్తుంటే పెళ్లికొడుకు ఊరేగాడట, అర్థం తెలిసి ఊరేగాడో లేదో మరి. ఆ తర్వాత ఒక ఆదివారం పత్రికలో సమీక్ష వచ్చింది. రాసింది బందరులో రిటైరైన తెలుగు మేష్టారు, జానపదాల మీద పెద్ద పేరున్న విమర్శకుడు. అరుగు మీద ముఠా అంతా చుట్టూ కూర్చుంటే నేను చదివి వినిపించాను. పెద్దమ్మ గొంతుని ఆయన ఆకాశానికెత్తేశారు. మొదటిపాట చివర్లో స్వరం క్రమంగా దూరమైపోవడం మహత్తరమైన కళ అన్నారు. అంతవరకూ అందరం పొంగిపోయాం. ఆ తర్వాత, ఈ పాటలు తరతరాలుగా జనం నోట పుట్టినవనీ, ఏ ఒక్కరూ కట్టినవి కావనీ, కాలవలో పడే భర్త మానవుడి అహంకారానికి ప్రతీక అనీ రాశారు. అహంకారానికి ప్రతీక ఆ సమయంలో గుమ్మంలో కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు.

"సైకిలు అన్నది తర్వాత చేరిన ప్రక్షిప్తం, మూలంలో ఎద్దు అయి ఉండవచ్చు, అని రాశారు పెద్దమ్మా" అన్నాను.

"ప్రక్షిప్తం అంటే ఏంటే?"

"తర్వాత ఎవరో దూర్చారని."

"దూర్చిందీ నేనే, మొదట పెట్టిందీ నేనే. ఎద్దెక్కడిదే మనకి?"

నేను నవ్వాను గానీ ఆవిడ నవ్వలేదు. మర్నాడు చేలో దిగి పాట ఎత్తుకోలేదు. ముఠా ఎదురుచూసింది. "ఎవరిదో పాట నాకెందుకమ్మా, మీరు పాడుకోండి" అంది. పాడటం ఎవరికీ చేతకాలేదు. ఇరవైమంది ఇరవై రకాలుగా వెనక్కి నడిచారు, వరసలు పాము పోయినట్టు వంకర్లు పోయాయి. రైతు గట్టు మీద నిలబడి చూసి, "ఏంటమ్మా, ముఠా అంతా మూగనోము పట్టారా?" అన్నాడు. ఆ ఏడు దివిసీమ ఊడ్పులన్నీ అలాగే అయ్యాయి. అక్షరమ్ముక్క రాని మనిషికి తనదంటూ ఉన్నవి ఆ పాటలే. వాటిని పొగిడి మరీ తీసేసుకున్నారు.

ఊడ్పులు అయ్యాక బందరులో ఒక సాహిత్య సంఘంవాళ్లు సన్మానం అన్నారు. ముఖ్య అతిథి ఆ మేష్టారే. రానంటే రానంది పెద్దమ్మ. చివరికి, "వెళ్లి మొహం మీదే అడుగు, శాలువా ఎలాగూ ఇస్తారు" అని నేనే ఎగదోశాను. పెదనాన్న ఇస్త్రీ పంచె కట్టుకుని మాతో వచ్చాడు. సభలో ఆయనా నేనూ మూడో వరసలో కూర్చున్నాం. మేష్టారు అహంకారం గురించి చాలాసేపు మాట్లాడారు. తర్వాత పెద్దమ్మ చేతికి మైకిచ్చారు.

"మేష్టారండీ, తమరు పెద్దోరు. ఆ పాటలు నేను కట్టానండీ" అంది.

మేష్టారు చెడ్డవారేం కాదు. చాలా మెత్తగా, "అమ్మా, పాడగా పాడగా పాట మనదే అనిపిస్తుంది. చాలామంది గాయకులు నాతో ఇదే మాటన్నారు. మరి కాలవలో పడినాయన నిజంగా ఉంటే, ఎవరో చెప్పండమ్మా" అన్నారు.

ఒక్క పేరు చెబితే పాట పెద్దమ్మదవుతుంది. మాటిచ్చింది దేవుడి పటం ముందు. మైకు రెండు చేతులా పట్టుకుని అలా నిలబడిపోయింది. సభికులు జాలిపడటం మొదలుపెట్టారు, అంతకంటే అవమానం ఉండదు.

పక్కన కుర్చీ కిర్రుమంది. పెదనాన్న లేచి నిలబడ్డాడు.

"నేనేనండీ" అన్నాడు.

"ఏంటండీ?" అన్నారు మేష్టారు.

"కాలవలో పడ్డాడే, ఆ మనిషిని నేనేనండీ. ఆ పాట కట్టింది మా ఆడదేనండీ. నేను పడ్డ మర్నాడే కట్టిందండీ, అప్పటికి నా పంచె కూడా ఆరలేదు." హాలు నవ్వింది. ఆయన ఆగలేదు, ఇన్నేళ్లు ఆగింది చాలనుకున్నాడేమో. "కాపోతే పాటలో ఒక తప్పుందండీ. నేను కునుకు తియ్యలేదండీ. అవతలిగట్టు మీద మా ఆసామి గారు వస్తుంటే నమస్కారం పెట్టానండీ."

"నమస్కారం పెడితే పడతారా?"

"ఒంటిచేత్తో పెడితే బాగోదు కదండీ."

ఈసారి మేష్టారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. పెద్దమ్మ మాత్రం మైకులోనే, "ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేమయ్యా?" అంది.

"నువ్వు అడిగావా? నేను గట్టెక్కేలోపే పాట కట్టేశావు."

మేష్టారు పెద్దమ్మ ముందుకొచ్చి, తనకి కప్పిన శాలువా కూడా ఆవిడకే కప్పారు. మరుసటి నెలలో అదే పత్రికలో సవరణ వేశారు, పాటల రచయిత్రి ఫలానా అని ఆవిడ పేరుతో. ఎద్దు సంగతి ఎత్తలేదు. క్యాసెట్ రెండోసారి వేసినప్పుడు అట్ట మీద 'రచన, గానం' అని వచ్చింది. పెద్దమ్మ దాన్ని నా చేతికిచ్చి, "ఇందులో 'రచన' అన్న ముక్క ఏదే?" అని అడిగింది. చూపించాను. దాని మీద వేలు పెట్టి, పక్కింటావిడ వచ్చేదాకా తియ్యలేదు. తర్వాతి ఊడ్పుల్లో కునుకు పోయి నమస్కారం వచ్చింది పాటలోకి. నందివాడ నుంచి నాగాయలంక దాకా వరసలన్నీ మళ్లీ తిన్నగా పడ్డాయి.

పెదనాన్నకి మాత్రం ఆ రోజుతో కృత్తివెన్ను మనిషి అవసరం తీరిపోయింది. టీ కొట్టు దగ్గర అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తనే చెప్పుకునేవాడు. మొదట్లో మోకాలిలోతు నీళ్లు. రెండేళ్లకి నడుంలోతు, ఆ తర్వాత సుడిగుండం. కాలం గడిచేకొద్దీ కాలవలు పూడిపోతాయి, నేను చూస్తుండగానే మా వైపు ఎన్ని పూడిపోయాయో. మా పెదనాన్న పడిన కాలవ ఒక్కటే, ఆయన ఉన్నంతకాలం ఏటికేడూ లోతవుతూ వచ్చింది.